తక్కువ రేటుకి కొంటే దాతల డబ్బు మిగిలినట్టేనా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సేవా సంస్థల్లో కొనుగోళ్లు చూసుకునే వాళ్ల నుంచి ఈమధ్య చాలా ప్రశ్నలొచ్చాయి. సప్లయర్లకి ఎలాంటి నియమాలు పెట్టాలి, కూలీలకి అన్యాయం జరక్కుండా, నీళ్లకీ గాలికీ చెరుపు చెయ్యకుండా కొనడం అంటే రోజువారీ పనిలో అది ఎలా ఉంటుంది అని. ఒకే రకంగా ఉన్నవి కలిపేసి జవాబిస్తున్నా. పేర్లు మాత్రం అందరివీ తీసేశాం, కొందరు సొంత కమిటీ గురించే రాశారు కాబట్టి.

ప్రశ్న: మాది చిన్న సంస్థ. వరదలు, అగ్నిప్రమాదాలు వచ్చినప్పుడు దుప్పట్లు, టార్పాలిన్లు, బట్టలు కొని పంచుతాం. సప్లయర్లకి కొన్ని నైతిక నియమాలు పెడదాం అని నేను మీటింగ్‌లో అంటే మా కోశాధికారి గారు ససేమిరా అంటున్నారు. దాతలిచ్చిన డబ్బు మొత్తం బాధితులకే వెళ్లాలి, మూడు కొటేషన్లు తీసుకుని తక్కువ వేసినవాళ్లకి ఆర్డర్ ఇవ్వడమే మన ధర్మం, మిగతాదంతా పెద్ద కంపెనీల సోకు అంటారు. ఆయనకి ఏం చెప్పమంటారు?

జవాబు: ఆయన మాటలో సగం న్యాయం ఉందండి, ముందు అది ఒప్పుకోండి, అప్పుడే మిగతా సగం వింటారు. దాతల డబ్బుకి కాపలా కాయాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ కొటేషన్‌లో రేటు తగ్గిందంటే ఆ తగ్గింది ఎక్కడో ఒకచోట నుంచి వచ్చి ఉంటుంది కదా. మంచి మెషీన్ల వల్లో, మధ్యలో దళారులు లేకపోవడం వల్లో తగ్గితే సంతోషం. ఓటీ (ఓవర్‌టైమ్) డబ్బులు ఎగ్గొట్టడం వల్ల, అద్దకం నీళ్లు శుద్ధి చెయ్యకుండా కాలవలోకి వదిలెయ్యడం వల్ల తగ్గితే మాత్రం మీకు ఆ డిస్కౌంట్ ఇచ్చింది సప్లయర్ కాదు, ఆ మెషీన్ మీద కూర్చున్న మనిషి, ఆ కాలవ నీళ్లు వాడుకునే ఊరు.

2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో ఢాకా దగ్గర సావర్‌లో రాణా ప్లాజా అనే ఎనిమిదంతస్తుల బిల్డింగ్ కూలి 1,134 మంది చనిపోయారు, రెండు వేల పైచిలుకు మంది గాయపడ్డారు. ముందు రోజే గోడలు పగుళ్లిచ్చాయి, కింద ఉన్న బ్యాంకు, షాపులు మూసేశారు, పై అంతస్తుల్లో బట్టలు కుట్టేవాళ్లని మాత్రం తెల్లారి మళ్లీ పనిలోకి పిలిచారు, రాకపోతే జీతం కట్ అన్నారు, ఆర్డర్ టైముకి వెళ్లాలి మరి. అప్పట్లో అక్కడ గార్మెంట్ కార్మికుల కనీస జీతం నెలకి 3,000 టాకాలు. అక్కడ కుట్టిన బట్టలు పెద్ద పెద్ద షాపుల్లో తక్కువ రేటుకే దొరికాయి, ఆ తక్కువ ఎక్కడి నుంచి వచ్చిందో కొన్నవాళ్లకి ఆ రోజు దాకా తెలీదు. ఐఎల్ఓ, అంటే అంతర్జాతీయ కార్మిక సంస్థ, 2021 అంచనాల ప్రకారం ప్రపంచంలో 2 కోట్ల 76 లక్షల మంది నిర్బంధ చాకిరీలో ఉన్నారు. అందులో 1 కోటి 73 లక్షల మంది పొలాలు, ఫ్యాక్టరీలు, కన్‌స్ట్రక్షన్, ఇళ్లలో పని లాంటి మామూలు ప్రైవేటు పనుల్లోనే ఉన్నారు. అంటే మనం కొనే వస్తువుల వెనక కూడా. ఒకచోట పేదవాళ్లకి దుప్పటి కప్పడానికి ఇంకోచోట పేదవాళ్ల ఒంటి మీద గుడ్డ లాగేశామా అన్నది సేవా సంస్థ అడక్కపోతే ఇంకెవరు అడుగుతారు చెప్పండి.

లెక్కల మనిషికి లెక్కతోనే చెప్పాలంటే ఇంకోటి ఉంది. మూడు ఉతుకులకే పీలికలయ్యే దుప్పటి తక్కువకి వచ్చినట్టు కాదు, ఏడాదిలో మళ్లీ కొనాలి, పాతది చెత్తలోకి పోతుంది. మీ కొటేషన్ పోల్చే షీట్‌లో రేటు పక్కన ఎన్నాళ్లు మన్నుతుంది, రవాణా ఎంత, పారేసేటప్పుడు ఖర్చెంత అని ఇంకో మూడు కాలమ్స్ పెట్టమనండి. చాలాసార్లు మొదటి స్థానం మారిపోతుంది, అప్పుడు ఆయనే మీ పార్టీలోకి వస్తారు.

ప్రశ్న: సరే నియమాలు పెట్టాలి అనుకున్నాం. ఇప్పుడు అసలు ఏం రాయాలో తెలీట్లేదు. వెతికితే ఒక్కో సంస్థది ఒక్కో రకంగా ఉంది, కొన్ని అరవై డెబ్భై పేజీలు. మాకు లాయర్ లేరు, పెయిడ్ స్టాఫ్ కూడా ఇద్దరే.

జవాబు: కొత్తగా ఏమీ కనిపెట్టక్కర్లేదు, ఉన్నవి వాడుకోండి. ఐఎల్ఓ 1998లో ఒక డిక్లరేషన్ చేసింది, ఏ దేశమైనా ఏ పనైనా కనీసం ఇవి ఉండాలి అని. సంఘం పెట్టుకునే హక్కు, నిర్బంధ చాకిరీ ఉండకూడదు, బాల కార్మికులు ఉండకూడదు, వివక్ష ఉండకూడదు, 2022లో వీటికి ఐదోది కలిపారు, పనిచేసే చోట భద్రత, ఆరోగ్యం. దీనికంటే కొంచెం వివరంగా కావాలంటే బ్రిటన్‌లో 1998లో కంపెనీలు, కార్మిక సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు కలిసి మొదలుపెట్టిన ఎథికల్ ట్రేడింగ్ ఇనిషియేటివ్ వాళ్ల బేస్ కోడ్ (మూల నియమావళి) ఉంది, తొమ్మిది అంశాలు, మామూలు మాటల్లో ఉంటుంది. మామూలు పని వారానికి 48 గంటలు దాటకూడదు, ఓటీ కలుపుకున్నా సాధారణంగా 60 దాటకూడదు, ఏడు రోజుల్లో ఒకరోజు సెలవు, జీతం బతకడానికి సరిపోవాలి, ఇలా. పనిలో పెట్టుకునే వయసు గురించి ఐఎల్ఓ 138వ ఒప్పందం ఉంది, మామూలుగా 15 ఏళ్లు, కొన్ని దేశాలకి 14 దాకా సడలింపు ఇచ్చారు, ప్రమాదకరమైన పనికి మాత్రం 18.

పర్యావరణం వైపు మీరు కొనేదాన్ని బట్టి రాసుకోవాలి. బట్టలైతే అద్దకం నీళ్లు, రసాయనాలు. కాగితం, చెక్క అయితే చెట్టు ఎక్కడిది. అన్నిటికీ వర్తించేది ప్యాకింగ్, రవాణా, చట్టప్రకారం ఉండాల్సిన కాలుష్య అనుమతులు. దాంతోపాటు లంచాలు ఇవ్వం తీసుకోం అన్న లైను, ఏ రకం కంపెనీలతో అసలు వ్యాపారం చెయ్యం అన్న లైను కూడా పెట్టుకోండి. ఐక్యరాజ్య సమితి సప్లయర్ల కోడ్‌లో మందుపాతరలు తయారుచేసే వాళ్ల ప్రస్తావన ఉంటుంది, పొగాకు కంపెనీల దగ్గర ఏమీ కొనం అనే ఆరోగ్య సంస్థలు ఉన్నాయి. మీ సంస్థ దేనికోసం పుట్టిందో దానికి ఎదురు పనిచేసే వాళ్లని ముందే పక్కన పెట్టుకోవడం అన్నమాట.

మొత్తం రెండు పేజీలు దాటనివ్వకండి. అందులో కూడా రెండు రకాలు విడదియ్యండి, ఇవి కనిపిస్తే మీతో కొనం అనేవి కొన్ని (నిర్బంధ చాకిరీ, బాల కార్మికులు, తాళాలేసిన ఎగ్జిట్లు, దొంగ రికార్డులు), ఇంత గడువులో బాగు చేసుకోండి అనేవి మిగతావి. అన్నిటినీ ఒకే గాటన కడితే ఎవడూ పాస్ అవ్వడు, మీరు కూడా విసుగొచ్చి ఆ కాగితాన్ని అటకెక్కిస్తారు. ఇంకా ముఖ్యంగా, ఇది రాయకముందే పోయినేడాది మీరు దేనిమీద ఎంత ఖర్చు పెట్టారో లిస్ట్ తీసి కూర్చోండి. ఖర్చులో పెద్ద వాటా సాధారణంగా నలుగురైదుగురు సప్లయర్ల దగ్గరే ఉంటుంది. పెన్నులు, స్టేప్లర్ పిన్నులు అమ్మేవాళ్లకి వదిలెయ్యండి, ఆ నలుగురైదుగురితో గట్టిగా మాట్లాడండి. ఒక్క మినహాయింపు, ఖర్చు తక్కువైనా రిస్క్ ఎక్కువ ఉన్నవి ఉంటాయి, రబ్బరు గ్లోవ్స్, టీషర్టులు, కాంట్రాక్టర్ ద్వారా వచ్చే క్లీనింగ్, సెక్యూరిటీ మనుషులు, వాటిని వదలొద్దు. క్లీనింగ్ వాళ్లు మీ ఆఫీసులోనే ఉంటారు కదా, వాళ్ల చేతికి జీతం ఎంత వస్తుందో అడగడానికి ఆడిటర్ అక్కర్లేదు.

ప్రశ్న: మా సప్లయర్ ఇంటర్నేషనల్ సర్టిఫికెట్ ఉంది అని కలర్ జిరాక్స్ పంపించాడు. దాన్ని ఫైల్‌లో పెట్టేశాం. ఇంక మా బాధ్యత అయిపోయినట్టేనా, లేక ఇంకేమైనా చూడాలా?

జవాబు: అయిపోలేదండి. ఈ విషయంలో కాస్త ఎక్కువ రాస్తా, ఎందుకంటే ఇక్కడే చాలామంది చేతులు దులుపుకుంటారు.

2012 సెప్టెంబర్ 11న కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే బట్టల ఫ్యాక్టరీ తగలబడి 250 మందికి పైగా చనిపోయారు. కిటికీలకి ఇనుప ఊచలు, బయటికి పోయే తలుపులకి తాళాలు. ఆ ఫ్యాక్టరీకి కొన్ని వారాల ముందే ఎస్ఏ 8000 సర్టిఫికెట్ వచ్చింది, కార్మికుల హక్కుల విషయంలో ప్రపంచంలో పేరున్న ప్రమాణం అది. రాణా ప్లాజాలో ఉన్న ఫ్యాక్టరీల్లో కొన్నిట్లో కూడా అంతకుముందు సోషల్ ఆడిట్లు, అంటే కార్మికుల పరిస్థితి చూసే తనిఖీలు, జరిగాయి, బిల్డింగ్ గట్టిదా కాదా అని చూడటం ఆ ఆడిట్ల పనిలో లేదు. కాగితం తప్పు అని కాదు నేననేది, కాగితం ఏం చూసింది, ఎప్పుడు చూసింది, ఎవరు డబ్బిస్తే చూసింది అని అడగాలి. చాలా ఆడిట్లకి ఫ్యాక్టరీయే డబ్బు కడుతుంది, ఫలానా తారీఖున వస్తున్నాం అని ముందే చెప్తారు, ఆ రోజుకి చిన్నపిల్లలు కనిపించరు, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్లు తుడిచి పెడతారు.

మంచి ఆడిటర్లు ఏం చేస్తారో ఒకటి చెప్తా. బట్టలు కుట్టే ఫ్యాక్టరీల్లో సూది విరిగితే దాని ముక్కలన్నీ ఏరి ఒక రిజిస్టర్‌లో టేపుతో అంటించి, తారీఖు, మెషీన్ నంబరు, మనిషి పేరు రాయాలి, విరిగిన ముక్క బట్టలో ఉండిపోతే కొన్నవాళ్లకి గుచ్చుకుంటుంది కాబట్టి క్వాలిటీ వాళ్లు దీన్ని జాగ్రత్తగా నడుపుతారు. హాజరు పట్టీలో ఆదివారం అందరికీ సెలవు అని నీట్‌గా ఉంటుంది, జీతాల షీట్ కూడా దానికి సరిపోయేలా తయారు చేసి పెడతారు, కానీ ఈ సూదుల రిజిస్టర్‌ని మార్చాలన్న ఆలోచన ఎవరికీ రాదు. దాన్ని తెరిస్తే ఆదివారం తారీఖుతో మూడు సూదులు అంటించి ఉంటాయి. సెలవు రోజు సూది ఎలా విరిగింది? అంతే, డబుల్ రికార్డులు, అంటే చూపించడానికి ఒకటి, నిజం లెక్క ఇంకోటి, బయటపడతాయి. ఒక కాగితాన్ని ఇంకో కాగితంతో పోల్చడం, మనుషుల్ని సూపర్‌వైజర్ లేనిచోట పలకరించడం, అసలు పని అంతా అక్కడే ఉంది.

మీరు ఫ్యాక్టరీకి వెళ్లలేకపోయినా ఇవి చెయ్యొచ్చు. సర్టిఫికెట్ ఎవరి పేరు మీద ఉంది, మీకు బిల్లు వేసే కంపెనీదా లేక వేరే దానిదా. ఎప్పటిదాకా చెల్లుతుంది. ఏ అడ్రస్‌లో ఉన్న ఫ్యాక్టరీకి ఇచ్చారు. మీ ఆర్డర్ నిజంగా అక్కడే తయారవుతోందా, లేక బయట చిన్న యూనిట్‌కి పని ఇస్తున్నారా. ఈ ఆఖరి ప్రశ్న తప్పకుండా అడగండి, పెద్ద ఫ్యాక్టరీలో అంతా సవ్యంగా చూపించి అసలు కుట్టుపని గొడౌన్లలో, ఇళ్లలో చేయించడం బాగా మామూలు. కాగితానికైతే ఎఫ్ఎస్‌సీ (అడవుల్ని పద్ధతిగా చూసుకుంటూ తీసిన కలపకిచ్చే గుర్తింపు) లేబుల్ మీద లైసెన్స్ కోడ్ ఉంటుంది, ఎఫ్ఎస్‌సీ-సీ అని, తర్వాత ఆరు అంకెలు. ఎఫ్ఎస్‌సీ వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే ఆ కంపెనీ పేరు, గడువు వచ్చేస్తాయి, రెండు నిమిషాల పని. ఆర్గానిక్ కాటన్‌కి గాట్స్ ప్రమాణం ఉంటే రెండు రకాల కాగితాలు ఉంటాయి, కంపెనీకి మొత్తంగా ఇచ్చే స్కోప్ సర్టిఫికెట్ ఒకటి, మీకు అమ్మిన ఆ లాట్‌కే ఇచ్చే ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్ ఇంకోటి. మొదటిది చూపించి మామూలు కాటన్ అమ్మేవాళ్లు ఉంటారు, అందుకని పెద్ద ఆర్డర్ అయితే రెండోది అడగండి. ఇవ్వడానికి నసిగితే మీకు సమాధానం దొరికినట్టే.

ప్రశ్న: నేను అవతలి వైపు మనిషిని. చిన్న ప్రింటింగ్, కుట్టు యూనిట్ నడుపుతున్నా, పాతికమంది లోపే పనిచేస్తారు. ఒక సేవా సంస్థ నలభై పేజీల ప్రశ్నాపత్రం పంపింది, కార్బన్ లెక్కలు, పాలసీలు, మానవ హక్కుల రిపోర్టు అన్నీ అడిగింది. మా వాళ్లకి జీతాలు సరిగ్గా ఇస్తాను, కానీ ఈ భాష నాకు రాదు. కన్సల్టెంట్‌ని పెట్టుకున్న పెద్ద కంపెనీకి ఆర్డర్ పోయింది. అదే సంస్థ అంతకుముందు నాకు పది రోజుల గడువుతో ఆర్డర్ ఇచ్చి, మధ్యలో డిజైన్ మార్చి, డబ్బు మూడు నెలలకి ఇచ్చింది. ఇది న్యాయమా?

జవాబు: న్యాయం కాదండి. మీ ఉత్తరం చదివాక ఈ శీర్షిక మొత్తం మీ ప్రశ్న కోసమే పెట్టినా బాగుండేది అనిపించింది. నియమాలు పెట్టే ప్రతి సంస్థా ముందు తన కొనే పద్ధతి ఎలా ఉందో చూసుకోవాలి, అది చూసుకోకుండా సప్లయర్‌కి ఎన్ని పేజీలు పంపినా ఆ కాగితం ఒక్క మనిషికి కూడా మేలు చెయ్యదు.

చూడండి, పది రోజుల గడువు ఇచ్చి, ఐదో రోజు రంగు మార్చి, డెలివరీ మాత్రం అదే తారీఖుకి కావాలంటే ఏమవుతుంది? రాత్రి షిఫ్టులు పడతాయి, లేదా బయట ఇంకో యూనిట్‌కి పని పోతుంది. తర్వాత అదే సంస్థ వచ్చి వారానికి అరవై గంటలు దాటకూడదు అని మా కోడ్‌లో ఉంది, ఎందుకు దాటారు అని అడిగితే ఏం చెప్తారు. ఐఎల్ఓ 2016లో చాలా దేశాల సప్లయర్లని అడిగి చేసిన సర్వేలో 39 శాతం మంది తయారీ ఖర్చు కూడా రాని రేటుకి ఆర్డర్లు ఒప్పుకున్నాం అన్నారు. ఖర్చు కూడా రాని రేటు ఎక్కడ సర్దుకుంటారు, జీతాల్లోనే కదా. 2020లో కోవిడ్ రాగానే పెద్ద బ్రాండ్లు కుట్టేసిన బట్టల ఆర్డర్లు కూడా రద్దు చేశాయి, బంగ్లాదేశ్ గార్మెంట్ ఎగుమతిదారుల సంఘం లెక్క ప్రకారం ఆగినవీ రద్దయినవీ కలిపి 300 కోట్ల డాలర్ల పైనే. వాటిలో చాలా బ్రాండ్ల దగ్గర అందమైన నైతిక నియమావళులు అప్పటికే ఉన్నాయి.

కాబట్టి సేవా సంస్థల వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ రెండు పేజీల కోడ్‌లో సగం పేజీ మీ గురించి రాసుకోండి. డెలివరీ అయ్యాక 30 రోజుల్లో డబ్బు ఇస్తాం, చిన్న యూనిట్ అయితే ముడిసరుకుకి అడ్వాన్స్ ఇస్తాం, ఆర్డర్ ఖాయం అయ్యాక మార్పులు చేస్తే గడువు పెంచుతాం, మొదలుపెట్టిన పని రద్దు చేస్తే అయిన ఖర్చు ఇస్తాం. విపత్తు వచ్చాక హడావుడిగా కొనే సంస్థలకైతే ఇది ఇంకా అవసరం. ఏటా ఏదో ఒక సీజన్‌లో దుప్పట్లు కావాలని తెలిసిందే, ముందే రేట్ కాంట్రాక్ట్ చేసుకుని, పని తక్కువున్న నెలల్లో కుట్టించి గొడౌన్‌లో పెట్టుకుంటే రాత్రి షిఫ్టులు ఉండవు, రేటు తగ్గుతుంది, పైగా విమానంలో తెప్పించే గతి పట్టదు. ఒక టన్ను సరుకు ఒక కిలోమీటరు తీసుకెళ్లడానికి ఓడతో పోలిస్తే విమానం వదిలే కార్బన్ ఎన్నో పదుల రెట్లు ఎక్కువ, అంటే మీరు ప్యాకింగ్‌లో ఆదా చేసిన ప్లాస్టిక్ లెక్కంతా ఒక్క విమానం బుకింగ్‌తో తుడిచిపెట్టుకుపోతుంది. ముందే ప్లాన్ చేసుకోవడం కంటే పెద్ద పర్యావరణ నియమం నాకైతే కనబడలేదు.

ఇక మీరు చెయ్యగలిగింది. ఆ సంస్థకి ఒక ఉత్తరం రాయండి, మా దగ్గర పాలసీ డాక్యుమెంట్లు లేవు, కానీ ఇదిగో ఆరు నెలల జీతాల రిజిస్టర్, హాజరు పట్టీ, కరెంటు బిల్లులు, ఇంకు డబ్బాలతో వచ్చే భద్రతా వివరాల కాగితాలు, మీరు ఎప్పుడైనా చెప్పకుండా వచ్చి మా వాళ్లతో మాట్లాడుకోవచ్చు అని. చిన్న యూనిట్‌కి అదే పెద్ద సర్టిఫికెట్. బుద్ధున్న కొనుగోలు మేనేజర్ అయితే నలభై పేజీల కంటే దానికే విలువ ఇస్తారు. కార్బన్ లెక్కలంటారా, కరెంటు, డీజిల్, రవాణా బిల్లులు దాచిపెట్టుకుని ఇవ్వండి చాలు, లెక్క వేసుకోవడం వాళ్ల పని, వాళ్ల దగ్గర మనుషులు ఉన్నారు.

ప్రశ్న: మేం తనిఖీకి వెళ్లినప్పుడు మా సప్లయర్ యూనిట్‌లో పన్నెండేళ్ల లోపు పిల్లలు కనిపించారు. వెంటనే ఆర్డర్ క్యాన్సిల్ చేశాం. కానీ ఆ పిల్లలు ఇప్పుడు ఏం చేస్తున్నారో అని మనసు పీకుతోంది. మేం చేసింది కరెక్టేనా?

జవాబు: మీ మనసు సరైన చోటే పీకుతోంది. ఇలాంటిదే పెద్ద ఎత్తున ఒకసారి జరిగింది. 1992, 93ల్లో బాల కార్మికులు తయారు చేసిన సరుకుని రానివ్వకూడదని అమెరికాలో హార్కిన్ అనే సెనేటర్ బిల్లు పెట్టారు, అది చట్టం కూడా అవ్వలేదు, ఆ భయానికే బంగ్లాదేశ్ గార్మెంట్ ఫ్యాక్టరీల వాళ్లు పిల్లల్ని రాత్రికి రాత్రి బయటికి పంపేశారు. యూనిసెఫ్ లెక్క ప్రకారం దాదాపు 50,000 మంది. తర్వాత వెతికితే వాళ్లలో చాలామంది రాళ్లు కొట్టే పనిలో, రోడ్ల మీద అమ్ముకుంటూ, కొందరు వ్యభిచారంలో కూడా కనిపించారు. కుట్టు మిషన్ దగ్గర కంటే అధ్వాన్నం. అప్పుడు 1995లో ఫ్యాక్టరీల సంఘం, ఐఎల్ఓ, యూనిసెఫ్ కలిసి ఒప్పందం చేసుకున్నాయి, ఉన్న పిల్లలకి బడి సీటు దొరికే దాకా తీసెయ్యొద్దు, కొత్తగా 14 ఏళ్ల లోపు వాళ్లని తీసుకోవద్దు, బడికెళ్తే నెలనెలా కొంత డబ్బు ఇవ్వాలి, వీలైతే ఆ ఇంట్లో పెద్దవాళ్లకి ఆ ఉద్యోగం ఇవ్వాలి అని.

ఇప్పుడైనా మీరు చెయ్యాల్సింది అదే దారి. సప్లయర్‌ని మళ్లీ కూర్చోబెట్టండి. పిల్లలెవరో, ఇల్లెక్కడో, పనిలోకి ఎందుకు వచ్చారో కనుక్కోండి, పిల్లల రక్షణ చూసే అధికారులకి చెప్పండి, పిల్లలతో పనిచేసే అనుభవం ఉన్న సంస్థని పిలవండి, మీరే పోలీసు వేషం వెయ్యొద్దు. బడి, ఇంటికి పోయే ఆదాయం, ఇంట్లో పెద్దవాళ్లకి పని, ఈ ఖర్చులో సప్లయర్ వాటా పెట్టాలి, అవసరమైతే మీరూ పెట్టాలి. ఇవన్నీ ఒప్పుకుని చేస్తే, కోడ్‌లో బాల కార్మికులుంటే కొనం అని ఉన్నా, ఆర్డర్ మళ్లీ ఇవ్వండి. దాచిపెట్టినా, అబద్ధం చెప్పినా, మళ్లీ మళ్లీ చేసినా అప్పుడు తెంచుకోండి, అది కూడా పిల్లల సంగతి తేలాకే. ప్రపంచంలో 2024 నాటికి ఇంకా 13 కోట్ల 80 లక్షల మంది పిల్లలు పనిలో ఉన్నారని ఐఎల్ఓ, యూనిసెఫ్ అంచనా. మనం మొహం తిప్పుకున్నంత మాత్రాన ఆ లెక్క తగ్గదు.

బాగు చేయించడం కుదురుతుందా అనే అనుమానం వస్తే మలేషియా గ్లోవ్స్ సంగతి చూడండి. వేరే దేశాల నుంచి వచ్చిన కార్మికులు ఉద్యోగం కోసం ఏజెంట్లకి అప్పులు చేసి డబ్బు కట్టి, ఆ అప్పు తీర్చడానికే ఏళ్ల తరబడి పనిచేశారు. 2020లో అమెరికా అక్కడి ఒక పెద్ద కంపెనీ గ్లోవ్స్ దిగుమతి ఆపేసింది, దాంతో ఆ కంపెనీ కార్మికులకి ఏజెంట్ ఫీజులు వాపసు ఇచ్చింది, 2021లో నిషేధం ఎత్తేశారు. అంటే ఫలానాది సరిచెయ్యండి, అప్పుడు కొంటాం అని నిలబడితే డబ్బు తిరిగి కార్మికుడి చేతికి వచ్చింది. మీ కోడ్‌లో ఉద్యోగం కోసం కార్మికుడు డబ్బు కట్టకూడదు, పాస్‌పోర్టులు యజమాని దగ్గర ఉంచుకోకూడదు అన్న లైన్లు కూడా కలుపుకోండి.

ప్రశ్న: దాతలకి థ్యాంక్యూ గిఫ్ట్‌గా ప్లాస్టిక్ బ్యాగుల బదులు ఎకో ఫ్రెండ్లీ కాటన్ బ్యాగులు ఇవ్వాలనుకుంటున్నాం. సప్లయర్ నూటికి నూరు శాతం గ్రీన్ అని గ్యారంటీ ఇస్తున్నాడు.

జవాబు: ఎకో ఫ్రెండ్లీ, గ్రీన్, నేచురల్, ఈ మాటల్ని కొటేషన్‌లో అస్సలు ఒప్పుకోకండి, దేనితో పోలిస్తే, ఎంత, ఎవరు కొలిచారు అని అడగండి. యూరోపియన్ కమిషన్ 2020లో చేయించిన అధ్యయనంలో సగానికి పైగా పర్యావరణ ప్రకటనలు అస్పష్టంగానో, తప్పుదోవ పట్టించేలానో, ఆధారం లేకుండానో ఉన్నాయని తేలింది. కాటన్ బ్యాగు సంగతికొస్తే డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో లెక్కేసింది. వాతావరణ మార్పు ఒక్కటే చూస్తే మామూలు కాటన్ బ్యాగుని 52 సార్లు వాడితే ప్లాస్టిక్ బ్యాగుతో సమానం, నీళ్లు, ఓజోన్ పొర లాంటివన్నీ కలిపి చూస్తే 7,100 సార్లు. చెత్త సముద్రంలోకి పోయే సమస్య ఆ లెక్కలో లేదు, అది ప్లాస్టిక్‌కే పెద్ద మైనస్, అందుకని ప్లాస్టిక్ మంచిదని ఎవరూ తేల్చెయ్యకూడదు. కానీ మీ దాతల ఇళ్లల్లో ఇప్పటికే ఇలాంటి బ్యాగులు మడతపెట్టి ఒక కుప్ప ఉండి ఉంటుంది, ఇంకోటి పంపితే అది కూడా ఆ కుప్పలోకే. నన్నడిగితే బ్యాగు మానేసి, వాళ్ల డబ్బుతో ఏం జరిగిందో చెప్తూ ఒక ఉత్తరం రాయండి. చాలామంది దాతలకి కావల్సింది అదే. కుళ్లిపోయే ప్లాస్టిక్ అని చెప్పి అమ్మేవి కూడా జాగ్రత్త, వాటిలో చాలావాటికి దాదాపు 60 డిగ్రీల వేడి ఉండే పెద్ద కంపోస్ట్ ప్లాంట్ కావాలి, ఇంటి వెనక గుంటలో వేస్తే అలాగే పడుంటాయి.

ప్రశ్న: ఆఫీసుకి కొత్త ల్యాప్‌టాప్‌లు కొనాలి, కరెంటు తక్కువ తాగేవి చూడమంటారా?

జవాబు: చూడండి, కానీ ముందు కొత్తవి కావాలా అని అడగండి. ల్యాప్‌టాప్ వల్ల అయ్యే కార్బన్‌లో ఎక్కువ భాగం అది తయారయ్యేటప్పుడే అయిపోతుంది. ఉన్నదానికి బ్యాటరీ, మెమరీ మార్చి ఇంకో రెండు మూడేళ్లు నడపడం, లేదా గ్యారంటీ ఉన్న రీఫర్బిష్డ్‌వి (పాతవి బాగు చేసి మళ్లీ అమ్మేవి) కొనడం మేలు. పాతవి పారేసేటప్పుడు లైసెన్స్ ఉన్న రీసైక్లర్‌కే ఇచ్చి రసీదు తీసుకోండి, లోపల దాతల, లబ్ధిదారుల వివరాలు ఉంటాయి కాబట్టి డేటా తుడిచేసినట్టు కాగితం కూడా. 2022లో ప్రపంచంలో 6 కోట్ల 20 లక్షల టన్నుల ఈ-వేస్ట్ (పారేసిన ఎలక్ట్రానిక్ సామాన్లు) వస్తే పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకి అందింది 22.3 శాతమే.

ప్రశ్న: మా ట్రస్టీ గారి బావమరిది కంపెనీ నుంచే ఎప్పుడూ ప్యాకింగ్ సామాన్లు కొంటాం. సరుకు మంచిదే, రేటూ పర్లేదు. నియమాలు పెట్టాక కూడా ఇలా కొనొచ్చా? అడగడానికి మొహమాటంగా ఉంది.

జవాబు: కొనొచ్చు, మూడు పనులు చేశాక. ఆ చుట్టరికం మినిట్స్ బుక్‌లో రాయాలి. ఆ కొటేషన్ల మీద నిర్ణయం తీసుకునేటప్పుడు ట్రస్టీ గారు గదిలో ఉండకూడదు. మిగతా సప్లయర్లని అడిగిన రికార్డులన్నీ బావమరిది గారిని కూడా అడగాలి, గడువులతో సహా. మొహమాటం తీరాలంటే ఒక్కరిని ఉద్దేశించి కాకుండా, ట్రస్టీలు, స్టాఫ్ అందరూ ఏటా చుట్టరికాలు, వ్యాపార సంబంధాలు రాసి సంతకం పెట్టే ఒక పేజీ ఫారం పెట్టండి, వచ్చే మీటింగ్ అజెండాలోనే చేర్చండి. అందరితోపాటు ఆయనా నింపుతారు.